బందరు రేవున ఒక చెర

2017వ సంవత్సరము మే 12వ తేదీన 'వన్నాక్రై' అను దుష్ట ప్రోగ్రాము లోకమంతటను కంప్యూటర్లకు తాళము వైచి, ఒక్కొక్కదాని విడుదలకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్లు కోరినప్పుడు, కృష్ణా జిల్లా పోలీసుల కంప్యూటర్లును దాని వాత పడినవి. ఆ తేదీ మరల వచ్చుచున్నది గనుక హ్యాకింగు పుట్టుపూర్వోత్తరములు వ్రాయుమని సంపాదకులు గడువు విధించిరి.

హ్యాకింగనగా పరుల గుట్టు లాగుటయే. ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలమీ పేర్కొన్న దివిసీమ ఘంటసాలలోను, గుడివాడ బౌద్ధస్తూపము చెంతను వర్తకులు ఒకరి గుట్టు నొకరు ఎట్లు లాగికొనిరో శాసనములు పలుకవు. కావున పదునైదు శతాబ్దములను ఒక్క గంతున దాటి 1611నకు వచ్చెదను.

ఆ యేట ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబు' బందరు చేరినది. అందు వచ్చిన వర్తకులు పీటర్ ఫ్లోరిస్, లూకస్ ఆంథ్యూనిస్ ఇరువురును డచ్చివారు. పూర్వము డచ్చి కంపెనీ కొలువున నుండి, ఏ రంగు బట్ట ఏ దీవిలో చెల్లునో నేర్చి, ఆ మర్మమును పోటీదారుల కందించినవారు. ఉద్యోగి వెళ్లునాడు పెన్‌డ్రైవులు వెదకు నేటి కంపెనీలు వీరి నేమి చేసియుండునో!

1614 నవంబరున, గోలకొండ సుల్తాను అధికారి తన బాకీ నెంతకును తీర్పకపోగా, తిరుగు ప్రయాణమునకు అదను తప్పుచున్నదని కలతపడిన ఫ్లోరిస్, తుపాకులను తెరచాపలలో చుట్టి సుంకపు చావడిలో దాచియుంచి, అధికారి కుమారుడు అచ్చటికి రాగానే పట్టి పడవ కెక్కించి, ఒడ్డున జనము గుమిగూడి చూచుచుండగనే ఓడకు చేర్చెను. 'వెంటకాద్ర' అని అతడు వ్రాసికొన్న ఆ బందీ మన వెంకటాద్రియే కావచ్చును. బ్రాహ్మణుడగుటచే తాను వండుకొననిది ముట్టడు. కావున ఓడలో అతనికి అన్నము లేదు, నీరు లేదు. ఫ్లోరిస్ మనసు కరిగి, గౌరవనీయులైన మహమ్మదీయు లిద్దరు బదులుగా వచ్చినచో విడిచెదనని కబురంపెను. ఒక్కరును రాలేదు. ఉపవాసము సాగినది, బాకీ ముట్టినది, బందీ ఇల్లు చేరెను. ఇదంతయు ఫ్లోరిస్ తన దినచర్యలో దాపరికము లేక వ్రాసికొనెను. నా కాతనిపై కోపము రాదు. పట్టినవాడును పట్టుబడినవాడును ఒక్క ఓడలో నుండుటచే, ఆకలి కంటబడినది.

వన్నాక్రై పంపినవానికి బందరెక్కడనో కూడ తెలియదు. ఇక్కడినుండి కథ నా చేతికి లొంగదు. ఆ ప్రోగ్రాము చొరబడిన విండోసులోని లోపమును ముందు కనిపెట్టినది అమెరికా రహస్యసంస్థ ఎన్‌ఎస్‌ఏ. ఏండ్ల తరబడి చెప్పక, ఆయుధముగ దాచుకొనెను. ఆ ఆయుధము దొంగలపాలై 2017 ఏప్రిలున బయటపడెను. మైక్రోసాఫ్టు మార్చిలోనే మరమ్మతు పంపినను, దానిని వేసికొననివారు చిక్కిరి. మన సమాచార సాంకేతిక చట్టము 66వ సెక్షనుకు 2000లో 'హ్యాకింగు' అని శీర్షిక పెట్టి, 2008 సవరణతో తీసివేసినది. ఏ పేరు పెట్టినను ఆ మొదటి మౌనము దాని కందదు.

వన్నాక్రై వ్యాప్తి నరికట్టినవాడు 22 ఏండ్ల ఆంగ్లేయుడు మార్కస్ హచిన్స్. 2017 ఆగస్టులోనే, ఒకప్పుడు బ్యాంకు ఖాతాలు దోచు ప్రోగ్రాము వ్రాసిన నేరమునకు అమెరికాలో పట్టుబడి, పిదప తప్పొప్పుకొనెను. 2019 జూలైలో న్యాయమూర్తి, అతడు చేసిన మేలును సైతము లెక్కలోనికి తీసికొని, క్రొత్తగా జైలు విధింపక విడిచిపుచ్చెను.