దేవుడికి అడ్మిన్ రైట్స్ ఇవ్వని నల్లమల

కొత్త లోకం సృష్టించి ఫాంటసీ నవల రాద్దామనుకునే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. అందరూ ముందు మ్యాపు గీస్తారు, తర్వాత మంత్రాల లిస్టు. అక్కడి మనుషుల సంగతి ఫేజ్ టూ! నాకైతే ఇది తలకిందుల వ్యవహారం అనిపిస్తుంది.

మార్కాపురం, గిద్దలూరు నుంచి పడమటికి చూస్తే నల్లమల. దాని మ్యాపు మనవాళ్ళు ఎప్పుడో గీశారు. శ్రీశైలానికి తూర్పు ద్వారం మా త్రిపురాంతకం, దక్షిణం సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరం ఉమామహేశ్వరం. అయితే ఆ లోకాన్ని ఇన్నాళ్ళు నిలబెట్టింది మాత్రం చుట్టరికమే.

గిద్దలూరు కొండలకి అవతల అహోబిలం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుడు చెంచులక్ష్మిని చూసి మనసు పారేసుకున్నాడు. చెంచులు వెంటనే పిల్లనిచ్చేశారా? అబ్బే! తేనె తియ్యి, దుంపలు తవ్వు, అప్పుడు చూద్దాం అన్నారని కథ. స్తంభం చీల్చుకొచ్చిన శక్తి పెళ్ళి దగ్గర పనిచెయ్యలేదన్నమాట. ఇప్పటికీ సంక్రాంతి తర్వాత పారువేటలో స్వామి నలభై రోజులు ఊరూరా తిరిగి తన పెళ్ళికి పిలుస్తాడు. చెంచులకి ఆయన అల్లుడు.

అడవి ఎవరిదో గుడి ఒప్పుకున్న కథ ఇది. 1983లో ఈ అడవి ప్రాజెక్ట్ టైగర్ కిందకి వచ్చింది. పులికి కాపలా కావాల్సిందే, కాదనను. కానీ అడవి మీద చెంచుల హక్కుని చట్టం రాతపూర్వకంగా ఒప్పుకోడానికి 2006 దాకా పట్టింది. కథ మాత్రం ఎప్పుడో ఒప్పుకుంది.

లోకాలు సృష్టించేవాళ్ళకి నాదొకటే ప్రశ్న. మీ దేవుడు ఎవరికి బాకీ? అది తేలితే మంత్రాలు తర్వాత రాసుకోవచ్చు.