ఓమ్ తీగ, ప్వాజోయ్ గొట్టం

ఓమ్ నియమం అనగానే మన సార్లు చెప్పే పోలిక గుర్తుందా? ట్యాంకు ఎత్తు వోల్టేజి, పైపులో పారే నీళ్లు కరెంటు, సన్నటి పైపు రెసిస్టెన్స్. మంచి పోలికే, కానీ ఒక చోట గట్టిగా తప్పుతుంది. ఎక్కడో తెలియాలంటే ఒక స్కూల్ మాస్టారు గురించీ, ఒక డాక్టరు గురించీ చెప్పుకోవాలి.

మాస్టారు జార్జ్ ఓమ్. జర్మనీలోని కొలోన్‌లో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవాడు. తండ్రి తాళాలు చేసే మనిషి కావడంతో చేతిపని వచ్చు, పరికరాలు తనే చేసుకునేవాడు. అప్పటి బ్యాటరీలతో పెద్ద చిక్కు, కరెంటు నిలకడగా ఉండేది కాదు. 1826లో ఓమ్ ఏం చేశాడంటే, బిస్మత్, రాగి కలిపిన జంటను తీసుకుని ఒక అతుకును మరిగే నీటిలో, ఇంకోదాన్ని మంచులో పెట్టాడు. ఆ వేడి తేడా మారనంత సేపూ వోల్టేజి మారదు. ఇక రకరకాల పొడవున్న రాగి తీగలు కలుపుతూ, అయస్కాంత సూది ఎంత తిరుగుతుందో కొలిచాడు. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఆ మంచు ముక్కే, ఫార్ములా కాదు!

ఇంకో విషయం. ఓమ్ పోల్చుకున్నది నీళ్లతో కాదు, వేడితో. లోహంలో వేడి ఎలా పాకుతుందో ఫోరియర్ 1822లో రాసిన లెక్కే అతనికి దారి చూపించింది. 1827లో ఓమ్ పుస్తకం వేస్తే, సొంత దేశంలోనే ఘాటైన విమర్శ వచ్చింది. కొలోన్ ఉద్యోగం వదిలేశాడు. మళ్లీ సరైన ఉద్యోగం దొరికేసరికి 1833. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ ఇచ్చింది 1841లో. మ్యూనిక్‌లో ప్రొఫెసర్ పదవి 1852లో వచ్చింది, 1854లో చనిపోయాడు.

ఇక డాక్టరు ప్వాజోయ్, పారిస్. ఇతని ప్రశ్న రక్తం. 1828లో పాదరసం నింపిన యూ ఆకారపు గొట్టంతో జంతువుల ధమనుల్లో ప్రెషర్ కొలిచాడు. ధమని పెద్దదైనా చిన్నదైనా ప్రెషర్ దాదాపు ఒకటే! మరి ఎక్కడ పడిపోతోంది? వెంట్రుకలాంటి నాళాల్లోనా? అది తేల్చడానికి సన్నటి గాజు గొట్టాల్లోంచి నీళ్లను ప్రెషర్‌తో పంపి కొలిచాడు. 1840ల్లో ఫలితాలు బయటపెట్టాడు. హాగెన్ అనే జర్మన్ ఇంజినీరు కూడా 1839లో విడిగా ఇదే దారిలో వెళ్లాడు.

ఇప్పుడు అసలు తేడా. తీగ వ్యాసం సగం చేస్తే కరెంటు నాలుగో వంతు అవుతుంది. గొట్టం వ్యాసం సగం చేస్తే? ప్రవాహం పదహారో వంతు! ఎందుకంటే తీగలో అడ్డు లోహమంతటా ఉంటుంది. గొట్టంలో అలా కాదు, గోడకు ఆనుకున్న నీరు కదలదు, దాని పక్కది మెల్లగా, మధ్యలోది వేగంగా. గొట్టం సన్నబడితే దారీ తగ్గుతుంది, మధ్యలోని వేగమూ తగ్గుతుంది, రెండు దెబ్బలన్నమాట. (మన ఇంటి పైపులో నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతాయి కాబట్టి అక్కడ ఈ లెక్క యథాతథంగా కుదరదు.)

రక్తనాళానికి ఈ లెక్క వేసి చూడండి. వ్యాసం 20 శాతం తగ్గితే, అదే ప్రెషర్‌కు ప్రవాహం 41 శాతానికి పడిపోతుంది. యాక్సిడెంట్ కేసుకు డాక్టర్లు లావుపాటి, పొట్టి క్యాన్యులా పెట్టేది ఇందుకే.