మార్కుల్లో పట్టని నొప్పి: శింగనమల టీకా కేంద్రాల నుంచి ఒక అభ్యంతరం

మన నర్సింగ్ కళాశాలల ఎమ్మెస్సీ సిద్ధాంత వ్యాసాలకు ఒక అచ్చు ఉంది. పిల్లల నొప్పి నివారణపై నర్సుల జ్ఞానం, వైఖరి అని శీర్షిక పెడతారు. ప్రశ్నావళి పంచి మార్కులు వేస్తారు. నడుమ ఒక బోధనా కార్యక్రమం జరిపి, మళ్లీ అదే ప్రశ్నావళి పంచుతారు. మార్కులు పెరుగుతాయి. పెరగకేం చేస్తాయి, జవాబులు చెప్పింది ఆ పరిశోధకులే కదా! నర్సులకు జ్ఞానం చాలదు, శిక్షణ కావాలి అన్న తీర్పుతో వ్యాసం ముగుస్తుంది. శింగనమల మండలంలో బుధ, శనివారాల టీకాల దగ్గర కూర్చుని చూశాక ఈ తీర్పు నాకు మింగుడుపడటం లేదు.

ఈ పద్ధతికి మూలం ఫెరెల్, మెకాఫ్రీలు 1987లో తయారుచేసిన ప్రశ్నావళి. దాన్ని పిల్లల వార్డు నర్సులకు తగినట్టు మలిచి 2000లో ప్రచురించింది రెనీ మాన్‌వరెన్. నా పేచీ ఆమెతోనే. ఆమె ప్రశ్నావళిలో ఇద్దరు పదిహేనేళ్ల అబ్బాయిలున్నారు. ఇద్దరికీ పొట్ట ఆపరేషన్ జరిగింది, ఇద్దరూ తమ నొప్పి పదికి ఎనిమిది అన్నారు. ఒకడు నవ్వుతూ కబుర్లాడుతున్నాడు, ఇంకొకడు చప్పుడు చేయకుండా పడుకుని, పక్కకు తిరిగేటప్పుడు మొహం చిట్లిస్తున్నాడు. నర్సు ఇద్దరికీ ఎనిమిదే రాయాలి. ప్రశ్న తెలివైనదే, కాదనను. కానీ ఆరు వారాల బిడ్డ పదికి ఎంత అంటుంది? మిగతా ప్రశ్నల్లో చాలా భాగం మార్ఫిన్, దానివల్ల శ్వాస మందగించడం, అలవాటు పడటం చుట్టూ తిరుగుతాయి. సబ్‌సెంటర్‌లో టీకాలు వేసే ఏఎన్ఎం దగ్గర ఉండేది పారాసిటమాల్. తన చేతికి ఎన్నడూ రాని మందు గురించి అడిగి, తెలియదంటే సున్నా వేయడం ఏం పరిశోధన?

ఏఎన్ఎంకు తెలిసింది వేరే ఉంది. ఆరో వారంలో బిడ్డకు మూడు పోట్లు: చేతికి పోలియో సూది, ఒక తొడకు పీసీవీ, రెండో తొడకు పెంటావాలెంట్. ఏ సూదికి బిడ్డ ఎక్కువ ఏడుస్తుందో, ఏ తొడ వాస్తుందో, ఆ రాత్రి జ్వరం వస్తుందో లేదో ఆమెకు కంఠస్థం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా నొప్పి తగ్గించే పద్ధతులు చెప్పింది. బిడ్డను పడుకోబెట్టకుండా ఒడిలో పట్టుకోవాలి, పాలిస్తూ ఉండాలి, ఎక్కువ నొప్పెట్టే సూది చివరికి ఉంచాలి, సూది గుచ్చాక సిరంజి పిస్టన్ వెనక్కి లాగి చూడకూడదు. ఇందులో ఖర్చయ్యేదేమీ లేదు. కానీ ఇవి జరగాలంటే ఒడి కావాలి, కాస్త తీరిక కావాలి.

తీరిక ఎక్కడిది? తట్టు, రుబెల్లా టీకా ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడాలి, లేదంటే పారేయాలి. అందుకే చాలినంతమంది పిల్లలు వచ్చేదాకా ఆగుతారు, సీసా తెరిచాక పరుగే. ఇక ఒడి సంగతి. ఆరో వారంలో తల్లి పుట్టింట్లో ఉంటుంది కాబట్టి బిడ్డతో తనే వస్తుంది. ఏడాదిన్నర బూస్టర్‌కు వచ్చేసరికి ఆమె శెనక్కాయ చేలో కలుపు తీస్తుంటుంది, లేదా మొగుడితో బెంగళూరులో కట్టడం పనిలో ఉంటుంది. బిడ్డను ఎత్తుకొచ్చేది అవ్వ. “యాడ నొప్పమ్మా, చీమ కుట్నట్లుంటాది, గట్టిగ పట్టుకో” అంటుంది ఏఎన్ఎం. ప్రశ్నావళి లెక్కలో ఇది నొప్పిని చిన్నచూపు చూసే వైఖరి. నేను విన్నంతలో ఆ మాట బిడ్డకు కాదు, చేతులు వణుకుతున్న అవ్వకు.

మరొకటి. ఆ బిడ్డ సూది కంటే ముందే, గడప దాటకముందే భయపడి ఉంటాడు. “ఏడిస్తే నర్సమ్మను పిలుస్తా, సూది ఏస్తాది” అని ఇంట్లో బెదిరించని రోజుండదు. తెల్లచీర కనబడగానే గుక్కపట్టే పిల్లవాడి నొప్పిలో సూది వాటా ఎంత, ఇంటి వాటా ఎంత? మాన్‌వరెన్ ఈ ప్రశ్న అడగలేదు, ఆమెను అనుసరించిన మనవాళ్లూ అడగలేదు. టీకా వేశాక తల్లికి చెప్పాల్సిన నాలుగు మాటలని ప్రభుత్వం నేర్పించే పాఠంలో కూడా ఏ టీకా వేశాం, తర్వాత జ్వరం వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త అన్నవే ఉన్నాయి. సూది దిగే క్షణపు నొప్పి ఊసే లేదు.

అనంతపురం పెద్దాసుపత్రిలోనో బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలోనో కాలిన గాయాలతో చేరిన పిల్లల వార్డుకు ఆ ప్రశ్నావళి పనికిరావచ్చు. జ్ఞానం మారితే ఆచరణ మారుతుందనేవాళ్లు కె.జె.ఎస్. ఆనంద్ పేరెత్తుతారు. పసికందులకు నొప్పి తెలియదన్న నమ్మకంతో తగినంత మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసే రోజుల్లో, 1987లో ఆయన హార్మోన్లు కొలిచి ఆ నమ్మకాన్ని కూల్చారు. నిజమే. కానీ ఆయన కొలిచింది బిడ్డను, నర్సు మార్కులను కాదు. నేను చూసింది శింగనమలనే, మిగతా రాయలసీమ సబ్‌సెంటర్ల సంగతి అక్కడ కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. కానీ వైఖరి లోపమని మనం రాసుకున్నదాంట్లో కొంతైనా తీరిక లోపం కావచ్చు.

పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. బుధవారం పొద్దున్నే ఏదో ఒక సబ్‌సెంటర్‌కు వెళ్లండి, సీసా తెరిచింది మొదలు చివరి బిడ్డ దాకా చూడండి, ప్రశ్నావళి ఆ తర్వాత రాయండి.