వెబ్‌సైటుకు పేరు, చోటు

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలములో కలమళ్ల యను గ్రామము కలదు. అచ్చటి చెన్నకేశవాలయములో దొరకిన ఒక శిలాశాసనము క్రీ.శ. 575 ప్రాంతమునకు చెందినది. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలపుది. ఇంతవరకు తెలిసిన తెలుగు శాసనములలో ఇదియే మొదటిదని చరిత్రకారులు పెక్కుమంది చెప్పుదురు.

గత సంవత్సరము మా విద్యార్థులు కొందరు ఈ శాసనమును గురించి ఒక చిన్న వెబ్‌సైటు పెట్టదలచి నా గదికి వచ్చిరి. "సార్, ఏం పేరు పెడ్దాం? యాడ పెడ్దాం?" అని యడిగిరి. పేరు కొన్నచోటనే స్థలమును దొరకుననియు, రెండును ఒకటేననియు వారి తలంపు. విద్యార్థిదశలో నేనును అట్లే తలచి నష్టపోయితిని. పేరు వేరు, చోటు వేరు. ఈ రెండును ఎట్లు విడివడెనో తెలిసికొన్నచో, దేనిని ఎట్లు ఎన్నుకొనవలెనో తెలియును.

ఇంటర్నెట్టులోని కంప్యూటర్లు ఒకదానినొకటి సంఖ్యలతో గుర్తించును. పాత పద్ధతిలో ఈ సంఖ్యకు నాలుగు భాగములు. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉండవచ్చును. ఇట్టి సంఖ్యలను యంత్రము మరువదు గాని మనిషి మరచును. అందువలన, 1969లో అమెరికాలో ప్రారంభమైన అర్పానెట్ కాలముననే కంప్యూటర్లకు పేర్లు పెట్టుట మొదలయ్యెను. ఏ పేరునకు ఏ సంఖ్యయో తెలుపు పట్టిక ఒక్కటే. దానిని కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున ఒక చిన్న బృందము నిర్వహించెను. కొత్తగా చేరువారు ఆ కార్యాలయమునకు తెలుపవలెను. వారు పట్టికలో ఎక్కించుదురు. తక్కినవారందరు ఆ పట్టికను ఎప్పటికప్పుడు నకలు తీసికొందురు.

కంప్యూటర్లు వందలకు పెరుగుసరికి ఈ ఏర్పాటు కుంటుపడెను. ఒకే పేరును ఇద్దరు కోరెడివారు. నకలు తీసికొనులోపలనే పట్టిక పాతబడెడిది. 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి ఒక ఉపాయము ప్రతిపాదించెను. మన ఉత్తరములపై చిరునామా చూడుడు. తపాలావారు మొదట జిల్లాను చూతురు, తరువాత ఊరును, చివరకు వీధిని, మనిషిని. ఢిల్లీలోని తపాలా ఉద్యోగికి ఎర్రగుంట్లలోని వీధులు తెలియనక్కరలేదు. అట్లే డొమైన్ పేరును కుడినుండి ఎడమకు చదువవలెను. చివర '.ఇన్' ఉన్నచో, ఆ విభాగపు పట్టిక ఎవరియొద్ద ఉన్నదో మూలపట్టిక చెప్పును. ఆ విభాగమువారు ఫలాని పేరు వివరములు ఫలాని సర్వరులో ఉన్నవని చెప్పుదురు. ఆ సర్వరు సంఖ్యను తెలుపును. ప్రపంచమంతటికిని కలిపి ఒక్క పెద్ద పట్టిక ఎచ్చటను లేదు.

ఇందులో నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచునది చివరి మెట్టు. పేరునకు ఎదురుగా ఏ సంఖ్య వ్రాయవలెనో నిర్ణయించు అధికారము పేరు తీసికొన్నవానిది. వాడు తన పుటలను ఒక కంప్యూటరునుండి మరొకదానికి తరలించినచో సంఖ్య మార్చును. పేరు మారదు, చదువరికి ఆ తరలింపు తెలియను కూడ తెలియదు.

'.కామ్' క్రింద మొదటి పేరు 1985 మార్చి 15న నమోదయ్యెను; అది సింబాలిక్స్ అను కంప్యూటరు కంపెనీది. మన '.ఇన్' 1989లో ఏర్పడెను. అయితే మన దేశములో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందెను, '.ఇన్' పేర్లు అందరికిని సులభముగా దొరకుట 2005లో నియమములు సడలించిన తరువాతనే. 1995 సెప్టెంబరు వరకు '.కామ్' పేరునకు రుసుమే లేదు! ఆ నెలనుండి రెండేండ్లకు 100 డాలర్లు వసూలుచేయుట ప్రారంభించిరి.

ఇక చోటు సంగతి. 1991లో టిమ్ బెర్నర్స్ లీ వెబ్బును లోకమునకు ప్రకటించిన నాటి పద్ధతిలో, పుటను కోరు కంప్యూటరు తనకు కావలసిన వెబ్‌సైటు పేరు చెప్పెడిది కాదు. కనుక ఒక సంఖ్యకు ఒక వెబ్‌సైటు మాత్రమే అమరెడిది. 1997లో వెలువడిన కొత్త నియమావళి, కోరిక పంపునప్పుడు పేరును కూడ తెలుపవలెనని విధించెను. దానితో ఒకే సంఖ్య గల ఒకే సర్వరులో వందలకొలది చిన్న వెబ్‌సైట్లు కాపురముండ వీలయ్యెను. ఈనాడు కొద్దిపాటి రుసుమునకు హోస్టింగ్ దొరకుచున్నదన్న, దీని చలువ చాల ఉన్నది.

ఉచితముగా చోటిచ్చినవారును ఉండిరి. 1994లో పుట్టిన జియోసిటీస్ వారు తమ సర్వరును పేటలుగా విభజించి, వచ్చినవారికి ఇంటినంబర్లు ఇచ్చిరి. పుట చిరునామా పేట పేరు, ఇంటినంబరే; తనదంటూ వేరే పేరు అక్కరలేదు. లక్షలమంది అందు పుటలు పెట్టిరి. 1999లో యాహూ దానిని కొనెను. 2009 అక్టోబరులో అమెరికాలోని ఆ సేవను మూసివేసెను. పుటలలో కొంతభాగమును స్వచ్ఛందసేవకులు నకలు తీసి కాపాడిరి గాని, ఆ చిరునామాలు ఎందుకును కొరగాకుండ పోయెను. నేను బి.ఎస్‌సి. చదువునప్పుడు మరొక ఉచిత సంస్థవారి చోటులో భౌతికశాస్త్ర ప్రయోగముల పుటలు వ్రాసి పెట్టితిని. రెండేండ్లలో ఆ సంస్థ కనబడకుండ పోయెను. నాయొద్ద నకలు లేదు. తప్పు సగము నాదే.

అమెరికాలోని తెలుగువారు 1998లో ప్రారంభించిన 'ఈమాట' పత్రిక సొంత పేరుతో నేటికిని నడచుచున్నది. ఈ నడుమ కంప్యూటరులో తెలుగు వ్రాయు పద్ధతులు ఎన్ని మారెనో చెప్పనక్కరలేదు.

మా విద్యార్థులకు పేరు ఎన్నుట సులభము కాలేదు. జిల్లా పేరు చేర్చుదమని ఒకడనెను. ఆంగ్లమున కడప వ్రాతను 2005లో మార్చిరి. 2010లో జిల్లా పేరే మార్చిరి. అటువంటిదానిని వెబ్‌సైటు పేరులో ఇరికించుట మంచిది కాదంటిని. ఎర్రగుంట్లను ఆంగ్లమున 'వై'తో కొందరు, 'ఇ'తో కొందరు వ్రాయుదురు. అయినచో తెలుగులిపిలోనే పెట్టరాదా యని ఒక అమ్మాయి యడిగెను. పెట్టవచ్చును. తెలుగులో '.భారత్' విభాగమునకు 2011లో అనుమతి వచ్చెను. లోపల మాత్రము పాత సర్వరులకు తెలియునవి రోమను అక్షరములు, అంకెలు, అడ్డగీతయే కనుక, తెలుగు పేరును 2003లో ఏర్పడిన 'ప్యునీకోడ్' పద్ధతిలో ఆ అక్షరములలోనికి మార్చి పంపుదురు. చిక్కేమనగా, తెలుగు పేరుతో ఈమెయిలు చిరునామా ఇచ్చినచో నేటికిని చాల ఫారములు దానిని తప్పుగా భావించి త్రోసిపుచ్చును. తొలి తెలుగు శాసనము పుట్టినచోట ఇట్లనవలసివచ్చుట నాకు కష్టముగానే ఉండెను.

పేరు కొనుట యన్నది మాటవరుసకే; నిజమునకు అది గడువుగల అద్దె. '.కామ్' పేరును ఒకమారు పదేండ్లకు మించి తీసికొనుటకు వీలులేదు. గడువు దాటినచో, పుటలన్నియు సర్వరులో భద్రముగా ఉన్నను వెబ్‌సైటు కనబడదు. ఇంకను ఉపేక్షించినచో పేరు పరులపాలగును. మొదటి సంవత్సరపు తగ్గింపు ధర కాక, రెండవ సంవత్సరపు ధర చూడుమంటిని. పేరును ఒకరియొద్ద, చోటును మరొకరియొద్ద తీసికొని, పుటల నకలు కళాశాల కంప్యూటరులో ఉంచితిమి. నమోదుకు మొదట ఇచ్చిన ఈమెయిలు ఆఖరి సంవత్సరపు విద్యార్థిది. వాడు చదువు ముగించి వెళ్లినచో గడువు హెచ్చరికలు ఎవరికి చేరును? దానిని మార్చి శాఖ చిరునామా వ్రాసితిమి.

చివరకు ఊరి పేరునే రోమను లిపిలో '.ఇన్'తో తీసికొంటిమి. 'ళ్ల'కు ఎల్ అను అక్షరము ఒకటి చాలునా, రెండు కావలెనా యను వాదము మాత్రము పిల్లలలో ఇంకను తెగలేదు.