ఢిల్లీ రాయి దాచిన చరిత్ర

ఢిల్లీ అనగానే మీకు ముందుగా గుర్తుకొచ్చేది ఎర్రకోటే కదా! కాని ఆ ఎర్రరాయి ఢిల్లీది కాదు. 1639-48 మధ్య షాజహాన్ కట్టించిన ఆ కోటకు వాడినది వింధ్య శిలల ఇసుకరాయి. అది ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ వైపు నుంచి వచ్చింది. మరి ఢిల్లీ సొంత రాయి ఏది? దాన్ని చూడాలంటే తుగ్లకాబాద్ వెళ్ళాలి. 1321లో ఘియాసుద్దీన్ తుగ్లక్ మొదలుపెట్టిన ఆ కోట గోడల్లోని బూడిదరంగు మొరటు రాళ్ళు అక్కడి కొండలోనివే. వాటి పేరు క్వార్ట్జైట్.

వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం ఈ ప్రాంతం సముద్రం కింద ఉండేది. నదులు తెచ్చిన ఇసుక అడుగున పొరలు పొరలుగా పేరుకొని ఇసుకరాయిగా మారింది. తరువాత భూగర్భంలోని వేడిమి, ఒత్తిడి వల్ల ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుపోయాయి. అలా ఏర్పడిన రూపాంతర శిలే క్వార్ట్జైట్. మన పల్లెల్లో పలుగురాయి అనే ఖనిజమే దీనిలో ముఖ్యభాగం. మోస్ కాఠిన్యమానంలో దాని స్థానం 7. అంటే అది గాజును గీయగలదు. ఇసుకరాయిని పగలగొడితే రేణువుల చుట్టూ విడిపోతుంది. క్వార్ట్జైట్ రేణువులను చీల్చుకుంటూ పగులుతుంది.

"అయితే ఢిల్లీలో బొర్రా, బెలుం వంటి గుహలు ఎందుకు లేవు?" అని మీరు అడగవచ్చు. వంటింట్లో కడప బండ మీద నిమ్మరసం పడితే మరక పడటం మీరు చూసే ఉంటారు. అది సున్నపురాయి కనుక ఆమ్లానికి కరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని వాన నీరు కూడా బలహీనమైన ఆమ్లంగా మారి, లక్షల ఏళ్ళలో సున్నపురాతిని తొలిచి గుహలు చేస్తుంది. క్వార్ట్జైట్ అంత తేలికగా కరగదు. అందుకే ఇక్కడ పెద్ద గుహలు లేవు, బండల కింది నీడపట్టులే ఉన్నాయి. ఫరీదాబాద్ జిల్లా మంగర్ ప్రాంతంలో అటువంటి చోట్ల ఉన్న ప్రాచీన చిత్రాలు 2021లో వెలుగులోకి వచ్చాయి.

ఇప్పుడు 1966కు వద్దాం. దక్షిణ ఢిల్లీలో బహాపూర్ వద్ద, కాల్కాజీ ఆలయానికి సమీపంలో, ఇళ్ళ నిర్మాణ పనుల్లో ఉన్న ఒక కాంట్రాక్టరు బండమీద అక్షరాలు గమనించాడు. పరిశీలిస్తే అవి క్రీస్తు పూర్వం 3వ శతాబ్దపు అశోకుని బ్రాహ్మీ అక్షరాలు! కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ, రాజుల మందగిరిలోనూ ఉన్న లఘు శిలాశాసనానికి ఇది తోబుట్టువు. ఆ కన్ను పడకపోయి ఉంటే ఆ బండ గతి ఏమయ్యేదో మీరే ఊహించండి.

ఎందుకంటే, ఢిల్లీకి కొండ అంటే చాలాకాలంపాటు కంకర గనే. గుజరాత్ నుంచి సుమారు 700 కిలోమీటర్లు సాగివచ్చిన ఆరావళి పర్వతాల చివరి కొస ఈ రిడ్జ్. రాష్ట్రపతి భవన్ నిలిచిన రైసీనా గుట్ట కూడా దీనిలో భాగమే. శిథిలమైన క్వార్ట్జైట్ నుంచి వచ్చే ముతక ఇసుకను మేస్త్రీలు "బదర్‌పూర్" అంటారు. దానికోసం భాట్టీ వంటి చోట్ల లోతైన గోతులు తవ్వారు. 1991లో భాట్టీని అసోలా అభయారణ్యంలో చేర్చారు. ఫరీదాబాద్, గుర్‌గావ్, మేవాత్ జిల్లాల ఆరావళిలో తవ్వకాలను 2009లో సుప్రీంకోర్టు నిలిపివేసింది.

దీనితో మనకేమిటి అనుకోకండి. గట్టిరాయే అయినా క్వార్ట్జైట్ నిండా పగుళ్ళుంటాయి. వాన నీరు వాటిలోంచే భూమిలోకి ఇంకుతుంది. భూగర్భ జలాలు ఏటేటా తగ్గుతున్న మహానగరానికి ఈ కొండ ఒక నీటితొట్టి వంటిది. కొండను తవ్వితే పోయేది రాయి మాత్రమే కాదు, బావిలోని నీరు కూడా.

ఈ లఘు శాసనపు కొన్ని పాఠాల్లో, తన మాట చిరకాలం నిలవాలని, దాన్ని కొండలపై చెక్కించమని అశోకుడు ఆజ్ఞాపించాడు. రాయి తన వంతు పని రెండువేల సంవత్సరాలకు పైగా చేసింది. ఇకపై దాన్ని నిలపవలసింది మనమే.