బయానా చెక్కు తిరిగొస్తే

స్థలాల అగ్రిమెంట్లలో తరచూ ఇలా రాస్తారు: ‘బయానా కింద రూ. 5,00,000 చెక్కు ద్వారా ముట్టినవి. మిగతా సొమ్ము 3 నెలల లోపు చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకొనవలెను. లేనిచో బయానా జప్తు అగును.’ ఆ చెక్కు బౌన్స్ అయిందనుకోండి. ఇందులో ఏ మాట అమ్మకందారుకు అక్కరకొస్తుంది?

ముట్టినవి: చెక్కు చెల్లితేనే డబ్బు ముట్టినట్టు. కాగితం మీద మాత్రం ముట్టినట్టే సంతకం పడింది కనుక, ఖాతాలో చాలినంత సొమ్ము లేదని బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమోను పోగొట్టుకోకూడదు.

చెక్కు ద్వారా: అమ్మకందారు బలమంతా ఇక్కడే ఉంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, బౌన్స్ సంగతి తెలిసిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆపై నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ‘స్థలం నా పేరున కాలేదు, నేనెలా బాకీపడతాను?’ అని కొనుగోలుదారు అడగవచ్చు. అమ్మకపు ఒప్పందం కింద ఇచ్చిన చెక్కుకూ 138 వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ‘సోమవారం వేసేస్తానండీ’ అన్న మాట నమ్మి ఆగినవాళ్లకే ఆ 30 రోజులు దాటిపోతాయి. అప్పటికి చెక్కు చెల్లే 3 నెలల గడువు ముగియకపోతే, దాన్ని మళ్లీ బ్యాంకులో వేసుకోవచ్చు.

3 నెలల లోపు: తేదీ దాటినంత మాత్రాన స్థలం ఒప్పందం దానంతటదే రద్దు కాదు. కాబట్టి ‘ఫలానా తేదీలోగా కట్టకపోతే రద్దు’ అని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వాలి. అది ఇవ్వకుండా మరొకరికి అమ్మడం ప్రమాదం. రిజిస్ట్రేషన్ చేయించమంటూ దావా వేయడానికి మొదటి వ్యక్తికి 3 ఏళ్ల వ్యవధి ఉంటుంది. సొమ్ముతో సిద్ధంగా ఉన్నానని అతను రుజువు చేసుకోవాలి. బౌన్స్ అయిన చెక్కు అతనికే ఎదురు సాక్ష్యం. అయినా కేసు నడిచినన్నాళ్లూ కొత్త కొనుగోలుదారు దగ్గరికి రాడు. ఇద్దరూ కూర్చుని రద్దు పత్రం మీద సంతకాలు చేస్తే అంతకంటే మేలు లేదు.

జప్తు: చేతికి రాని డబ్బును జప్తు చేయలేం. ఒప్పందం తప్పినందుకు పరిహారం అడగవచ్చు కానీ, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు సమంజసమైనంతే ఇస్తుంది, రాసుకున్న మొత్తానికి మించి ఇవ్వదు. ఈ వాక్యం మీద ఆశ పెట్టుకోకండి. బేరం కావాలో వద్దో ముందే తేల్చుకుని, మెమో చేతికొచ్చిన వారంలోనే వకీలును కలవండి.