మైక్రోస్కోపూ, మా అటెండరూ

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. చిత్తూరు జిల్లాలోని ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా చేరి, రిటైరయ్యేవరకూ మైక్రోస్కోపుల మధ్యనే గడిపినవాణ్ణి. దాని గురించే నాలుగు మాటలు వ్రాస్తాను.

మలేరియా క్రిమిని రోగి రక్తంలో మొదట చూసినది లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు, 1880లో. అది దోమలోనూ పెరుగుతుందని తేలింది మాత్రం మన సికింద్రాబాదులోనే. హుసేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, రొనాల్డ్ రాస్ ఆ దోమలను కోసి చూసేవారు. ఆగస్టు ఉక్క. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని అదీ లేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క ఐపీసూ బీటవారింది. దానితోనే 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు చూశారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మన సంఘంలో మలేరియా విభాగంలో చేసినవారున్నారు. ఇంటింటికీ తిరిగి జ్వరపీడితుల వేలి రక్తం స్లయిడు మీద తీసిన ఆ మిత్రులకు ఇది నేను చెప్పాలా!

ఈ కథ ఏటా క్లాసులో చెప్పేవాణ్ణి. చెప్పవలసినది ఒక సంవత్సరం చెప్పలేదు.

1978. సిలబసు వెనకబడిందని తొందరపడి, మైక్రోస్కోపు వాడే పద్ధతి చెప్పకుండానే ప్రాక్టికల్స్ మొదలుపెట్టాను. ఒక కుర్రవాడు హైపవర్ పెట్టి, ఐపీసులో చూస్తూనే పెద్ద మర కిందికి తిప్పాడు. స్లయిడు చిట్లింది, లెన్సు గీసుకుపోయింది. స్టాకు రిజిస్టరు అటెండరు పేరున ఉంది గనుక మెమో ఆయనకు వచ్చింది. జీతంలో నెలకు 10 రూపాయలు కోశారు. తప్పు నాదని పైకి చెప్పలేకపోయాను.

అసలు పద్ధతి మరునాడు ఆయనే పిల్లలకు చూపించారు. పక్కనుంచి చూస్తూ లెన్సును స్లయిడు దగ్గరికి దించాలి. కన్ను ఐపీసుకు ఆనించాక పైకే తిప్పాలి. హైపవరులో చిన్న మర తప్ప పెద్దది ముట్టరాదు. మోసేటప్పుడు ఒక చేయి మెడకు, ఒక చేయి అడుగున. లెన్సు తుడవడానికి ఉతికి ఉతికి మెత్తబడిన పాతపంచె ముక్క ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేది. దేవదారు నూనె వాడిన లెన్సును వెంటనే తుడవకపోతే అది గట్టిపడి పోతుందని, సాయంత్రం ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో చూసుకొనిగాని ఇంటికి వెళ్లేవారు కాదు. మనవైపు వానలు కార్తీకంలో గదా. ఆ తేమకు లెన్సులో బూజు పడుతుంది. అందుకని పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు ఉంచి, నీలం గింజలు గులాబీరంగుకు తిరగగానే పెనం మీద వేడిచేసి మళ్లీ పెట్టేవారు.

ఆయన రిటైరయిన రోజు, దండలు అవీ అయ్యాక, పక్కకు పిలిచి ఆ లెన్సు సంగతి చెప్పాను.

"నాకు అప్పుడే తెలుసు సార్. కొత్తగా వచ్చిన పిల్లోడు, ఎందుకులే అనుకున్నా" అన్నారు. పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టి, "కార్తీకం వస్తా ఉండాది, ఆ గింజలు మర్చిపోవద్దండి" అన్నారు.